లైనక్స్ కెర్నల్‌లో డ్రైవర్ కోడ్‌ని ఎక్కడ పెట్టాలి, ఎలా విడదీయాలి: మొదటి నుంచి చివరిదాకా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంజినీరింగ్ చదువుతున్న మన తెలుగు పిల్లలు నాకు చూపించే ప్రాజెక్టుల్లో లైనక్స్ డ్రైవర్లు (పరికరాన్ని కెర్నల్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయతో, మాట్లాడించే కోడ్) ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. జీడి పిక్కల బస్తా తూచే ఎలక్ట్రానిక్ కాటా, పప్పు ఆరబెట్టే బోర్మాలో వేడినీ తేమనీ చూసే పెట్టె, పొలంలో బోరు మోటారుని ఫోన్‌తో ఆపే బోర్డు, ఇలాంటివి. అన్నీ పని చేస్తాయి. కానీ సోర్స్ తెరిచి చూస్తే ఒక్క ఫైల్లోనే అంతా కుక్కేసి ఉంటుంది: చిప్‌తో మాట్లాడే కోడ్, ఏ పిన్నుకి వైరు పెట్టారో ఆ నంబరు, రీడింగ్‌ని కిలోలుగా మార్చే లెక్క, ఆఖరికి స్క్రీన్ మీద చూపించే మాటలు కూడా. బోర్డు మారిస్తే కోడ్ మార్చాలి. కెర్నల్ అప్‌డేట్ అయితే కంపైల్ అవదు. రాసినవాళ్లు ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతే ఇక దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు.

డ్రైవర్ ఎలా రాయాలన్నది ఇక్కడ చెప్పను, అది వేరే సంగతి. రాసిన కోడ్ కెర్నల్ సోర్స్‌లో ఏ చోట ఉండాలి, ఎన్ని ఫైళ్లుగా ఉండాలి, ఏది డ్రైవర్ లోపల ఉండాలి, ఏది బయటికి పోవాలి అన్నదే ఈ మార్గదర్శి. ఉదాహరణకి కాటానే తీసుకుంటాను, మధ్యలో వేరే చిప్‌లు కూడా వస్తాయి. నేను చెప్పబోయేదంతా ఒక్క సంగతి మీద నిలబడి ఉంటుంది: డ్రైవర్ చోటుని నిర్ణయించేది ఆ పరికరం వాడేవాళ్లకి ఏం చేసి పెడుతుందన్నదే. దాన్ని ఎవరు తయారు చేశారు, ఏ వైరుతో తగిలించారు అన్నవి తర్వాత చూసుకునే విషయాలు.

ముందు సోర్స్ దింపుకోండి, అన్నీ ఒకేసారి కాదు

కెర్నల్ పూర్తి చరిత్రతో సహా దింపుకుంటే జీబీల కొద్దీ డేటా అవుతుంది. రాయగడ, కోరాపుట్ కొండల్లో మొబైల్ డేటా మీద ఆధారపడేవాళ్లకి అది రాత్రంతా పట్టే పని, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. గిట్‌కి (కోడ్ మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాము) డెప్త్ 1 అని ఇచ్చి చివరి స్థితి ఒక్కటే దింపుకోమని చాలామంది చెప్తారు. నేను వద్దంటాను, ఎందుకంటే ఒక ఫైల్ ఎందుకు ఆ ఫోల్డర్‌లో ఉందో తెలియాలంటే దాని చరిత్ర చదవాలి, డెప్త్ 1లో చరిత్రే ఉండదు. దానికి బదులు గిట్ క్లోన్ చేసేటప్పుడు ఫిల్టర్ ఆప్షన్‌కి బ్లాబ్ కోలన్ నన్ అని ఇవ్వండి. కమిట్ల చరిత్ర మొత్తం వస్తుంది, పాత ఫైళ్ల లోపలి సరుకు మాత్రం మీరు అడిగినప్పుడే దిగుతుంది. డేటా చాలా కలిసొస్తుంది.

దింపాక డ్రైవర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఊరికే చూడండి, ఏమీ మార్చకండి. వందకి పైగా ఫోల్డర్లు ఉంటాయి. కెర్నల్ మొత్తం కోడ్‌లో సగానికి పైగా ఈ ఒక్క ఫోల్డర్‌లోనే ఉంది, కాబట్టి భయం వేయడం సహజం. ఆ పేర్లు మొదట్లో ఒక తీరు లేనట్టు కనిపిస్తాయి గానీ వాటిలో రెండు జాతులున్నాయని పట్టుకుంటే దారి దొరుకుతుంది.

ఒక జాతి బస్ ఫోల్డర్లు (బస్ అంటే పరికరాన్ని కంప్యూటర్‌కి తగిలించే వైర్ల పద్ధతి): పీసీఐ, యూఎస్‌బీ, ఐ-టూ-సీ, ఎస్‌పీఐ. ఇంకో జాతి పనిని బట్టి పెట్టినవి: ఇన్‌పుట్, నెట్, మీడియా, ఆర్‌టీసీ, లెడ్స్, వాచ్‌డాగ్, హెచ్‌డబ్ల్యూమాన్ (యంత్రం ఆరోగ్యం చూసేవి), ఐఐఓ (కొలిచే సెన్సార్లు) వగైరా. కొత్తవాళ్లు ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నా సెన్సార్ ఐ-టూ-సీ మీద నడుస్తుంది కాబట్టి ఐ-టూ-సీ ఫోల్డర్‌లో పెడతాను అనుకుంటారు. ఆ ఫోల్డర్‌లో ఉండేది ఆ బస్‌ని నడిపించే కోడ్, అంటే బస్ కోరు, బస్ కంట్రోలర్ల డ్రైవర్లు. ఆ బస్‌కి తగిలించిన పరికరాలు అక్కడ ఉండవు. గడియారం చిప్ డీఎస్1307 ఐ-టూ-సీ మీదే నడుస్తుంది, దాని డ్రైవర్ మాత్రం ఆర్‌టీసీ ఫోల్డర్‌లో ఉంది. యూఎస్‌బీ వెబ్‌క్యామ్ డ్రైవర్ మీడియాలో ఉంది. యూఎస్‌బీ వైఫై డ్రైవర్లు నెట్ కింద వైర్‌లెస్‌లో ఉన్నాయి.

జీడి పరిశ్రమలో ఒలిచిన పప్పుని గ్రేడు చేసేటప్పుడు ఏ తోట నుంచి వచ్చిందో, ఏ బస్తాలో వచ్చిందో చూడరు. గుండా, బద్దా, ముక్కా, గుండయితే పౌనుకి ఎన్ని తూగుతాయి అన్నది చూస్తారు, డబ్ల్యూ 320 అంటే ఎక్కడైనా అదే అర్థం. కెర్నల్‌లో పై వరస ఫోల్డర్లు అలాగే ఏర్పడ్డాయి, కొనేవాడి వైపు నుంచి.

మినహాయింపులు ఉన్నాయి, వాటిని చూసి కంగారుపడకండి. యూఎస్‌బీ ఫోల్డర్‌లోనే స్టోరేజ్, సీరియల్ అని రెండు ఉంటాయి, అవి పాతకాలం నుంచి అలాగే వచ్చాయి. సౌండ్ మొత్తం డ్రైవర్స్ ఫోల్డర్ బయట, పైనే సొంత ఫోల్డర్‌లో ఉంది. క్యారెక్టర్, బ్లాక్ అనే పేర్లు యునిక్స్ రోజుల వర్గీకరణ, కొత్త డ్రైవర్‌ని తీసుకెళ్లి క్యారెక్టర్ ఫోల్డర్‌లో పెట్టాలని చూస్తే మెయింటెయినర్లు (కెర్నల్‌లో ఒక్కో భాగాన్ని చూసుకునేవాళ్లు) ఒప్పుకోవడం కష్టం. మన పిల్లలు బోర్మాకి వాడే డీఎస్18బీ20 వేడి సెన్సార్ కూడా మినహాయింపే: దాని డ్రైవర్ వన్-వైర్ బస్ ఫోల్డర్‌లో, స్లేవ్స్ అనే ఉపఫోల్డర్‌లో ఉంది. ఉన్నవాటిని చూసి నేర్చుకోవడం మంచిదే, కానీ పాత మినహాయింపుని కొత్త డ్రైవర్‌కి సాక్ష్యంగా చూపించకండి.

మీ చిప్ ఇప్పటికే ఉందేమో వెతకండి

ఈ మెట్టు దాటేసి నేరుగా రాయడం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. కాటాలో బరువుని వోల్టేజీగా మార్చే లోడ్ సెల్‌కి అందరూ వాడే చిప్ హెచ్‌ఎక్స్711. దానికి డ్రైవర్ కెర్నల్‌లో ఏళ్ల తరబడి ఉంది: డ్రైవర్స్, ఐఐఓ, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే చిప్‌లు), హెచ్‌ఎక్స్711.సి. తేమ చూసే డీహెచ్‌టీ11కి కూడా ఉంది, ఐఐఓ కింద హ్యుమిడిటీలో. అదే డ్రైవర్ డీహెచ్‌టీ22ని కూడా నడుపుతుంది. అంటే ప్రాజెక్టు కోసం నెల రోజులు కూర్చుని రాసేది అప్పటికే ఎవరో రాసి, పరీక్షించి, పదిమంది దిద్దినది.

వెతకడం కూడా పేరుతో ఆపేయకండి. చిప్ పేరుతో గిట్ గ్రెప్ (సోర్స్ అంతా వెతికే ఆదేశం) చేయండి, దొరక్కపోతే డేటాషీట్ తెరిచి రిజిస్టర్ల (చిప్ లోపలి చిన్న గళ్ల) పట్టిక చూసి, అదే కంపెనీ పాత చిప్‌లతో పోల్చండి. చాలాసార్లు కొత్త చిప్ పాతదానికి తమ్ముడే, ఐడీ నంబరు ఒక్కటే తేడా. డీఎస్3231కి వేరే డ్రైవర్ లేదు, డీఎస్1307 డ్రైవర్‌లోనే ఒక వరస. అలాంటప్పుడు మీరు చేయాల్సిందల్లా ఉన్న డ్రైవర్‌లోని ఐడీ పట్టికలో ఒక ఎంట్రీ కలపడం, తేడా ఉన్నచోట చిన్న మార్పు చేయడం. చిన్న ప్యాచ్ (పంపే మార్పు) అని చిన్నబుచ్చుకోకండి, మెయింటెయినర్లకి ఇష్టమైన ప్యాచ్ అదే.

నిజంగా లేకపోతే చోటు ఎంచుకోండి

పరికరం కొలుస్తుందా? అయితే ముందు ఐఐఓ చూడండి. కొలిచేది కంప్యూటర్ సొంత ఆరోగ్యమా, అంటే ఫ్యాన్ వేగం, బోర్డు వేడి, సప్లై వోల్టేజీ లాంటివా? అయితే హెచ్‌డబ్ల్యూమాన్. ఈ రెంటి మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఎస్‌హెచ్‌టీ3ఎక్స్ అనే తేమ సెన్సార్ డ్రైవర్ హెచ్‌డబ్ల్యూమాన్‌లో ఉంది, డీహెచ్‌టీ11 ఐఐఓలో ఉంది, రెండూ కొలిచేది తేమా వేడీనే. నా సలహా: మీ సెన్సార్ బయటి ప్రపంచాన్ని కొలుస్తుంటే ఐఐఓకే వెళ్లండి, అనుమానం ఉంటే రెండు వైపుల మెయింటెయినర్లకీ ఒకే ఈమెయిల్ రాసి అడగండి. కోడ్ రాయకముందే అడగడం తప్పేమీ కాదు, పైగా వాళ్లకి కూడా పని తగ్గుతుంది.

ఫోల్డర్ దొరికాక దాని కింద ఉపఫోల్డర్ కూడా పనిని బట్టే. హెచ్‌ఎక్స్711 బరువు తూచే చిప్ కదా, మరి ఏడీసీలో ఎందుకుంది? ఆ చిప్‌కి బరువు గురించి ఏమీ తెలియదు. లోడ్ సెల్ నుంచి వచ్చే చిన్న వోల్టేజీ తేడాని 24 బిట్ల అంకెగా మారుస్తుంది, అంతే. చిప్ నిజంగా చేసే పని ఏదో దానికి తగ్గ చోట పెట్టారు, మనం దాన్ని దేనికి వాడుకుంటామన్నది చూడలేదు. కొందరు ఇక్కడ తికమకపడతారు, కాబట్టి పైన చెప్పినదాన్ని కొంచెం సరిచేసి చెప్తాను: వాడేవాళ్లకి ఏం చేసి పెడుతుంది అంటే ఆ చిప్ నుంచి ప్రోగ్రాముకి చేతికొచ్చేది ఏమిటి అని. ఇక్కడ చేతికొచ్చేది వోల్టేజీ రీడింగు.

కంపెనీ పేరుకి అసలు చోటే లేదా అంటే ఉంది, కింది మెట్లలో. ఈథర్నెట్ డ్రైవర్లు ఒకప్పుడు నెట్ ఫోల్డర్‌లో గంపగుత్తగా పడి ఉండేవి. 2011లో వాటిని ఈథర్నెట్ అనే ఉపఫోల్డర్‌లోకి తెచ్చి, దాని కింద ఇంటెల్, రియల్‌టెక్, బ్రాడ్‌కామ్ అని కంపెనీల వారీగా సర్దారు. మీడియా ఫోల్డర్‌ని కూడా 2012లో విప్పి మళ్లీ సర్దారు. ముందు పని, ఆ పనిలో ఫైళ్లు మరీ ఎక్కువైతేనే కంపెనీ. మీరు ఒక్క డ్రైవర్ కోసం కంపెనీ పేరుతో కొత్త ఫోల్డర్ తెరవకండి.

ఒకే చిప్ పది పనులు చేస్తే? పవర్ మేనేజ్‌మెంట్ చిప్ ఏఎక్స్‌పీ20ఎక్స్ వరస చూడండి, దాన్ని చూసి నేర్చుకున్నంత వేరే దేంట్లోనూ నేర్చుకోలేం. తల్లి డ్రైవర్ ఎంఎఫ్‌డీ (పలు పనుల చిప్‌ల) ఫోల్డర్‌లో ఉంటుంది, దాని పని చిప్‌ని పట్టుకుని పిల్ల పరికరాలని పుట్టించడం వరకే. వోల్టేజీ ఇచ్చే భాగం రెగ్యులేటర్ ఫోల్డర్‌లో, బ్యాటరీ భాగం పవర్ కింద సప్లైలో, కొలిచే భాగం ఐఐఓ ఏడీసీలో, పవర్ బటన్ ఇన్‌పుట్ కింద ఉన్నాయి. ఒకే చిప్‌కి కోడ్ ఇన్ని చోట్ల ఉండటం మొదట వింతగా అనిపిస్తుంది. కానీ రెగ్యులేటర్ వ్యవస్థలో ఏదైనా మారినప్పుడు ఆ మెయింటెయినర్ తన ఫోల్డర్ ఒక్కటి చూసుకుంటే చాలు, బ్యాటరీ కోడ్ జోలికి పోనక్కర్లేదు.

మిస్క్ అనే ఫోల్డర్ ఒకటుంది, ఎక్కడా ఇమడనివి అక్కడ ఉంటాయి. సోమరితనంతో అక్కడికి వెళ్లకండి. సబ్‌సిస్టమ్ (ఒక్కో పనికి కెర్నల్‌లో ఉన్న విభాగం) ఏదీ సరిపోదని మీరు వాదించగలిగితేనే.

ఫైళ్లుగా విడదీయడం

ఇది ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం, కాస్త నెమ్మదిగా చదవండి.

చిన్న డ్రైవర్‌ని విడదీయకండి. హెచ్‌ఎక్స్711 ఒక్క ఫైల్. గడియారం వైరొకటి, డేటా వైరొకటి, ఇంకో దారిలో ఆ చిప్‌ని తగిలించే వీలు లేదు, కాబట్టి విడదీసి సాధించేదేమీ లేదు. డ్రైవర్ అనగానే హెడర్ ఒకటి, కోర్ ఒకటి, ఆపరేషన్స్ ఒకటి అని ముందే నాలుగు ఫైళ్లు తెరిచి పెట్టుకోవడం కాలేజీ ప్రాజెక్టుల్లో అలవాటుగా మారింది. చదివేవాళ్లకి అది భారం.

విడదీయాల్సిన సందర్భం ఒకటుంది: ఒకే చిప్‌ని రెండు రకాల బస్‌లకి తగిలించగలిగినప్పుడు. బీఎంపీ280 గాలి ఒత్తిడి సెన్సార్ ఐ-టూ-సీ మీదా నడుస్తుంది, ఎస్‌పీఐ మీదా నడుస్తుంది. ఐఐఓ కింద ప్రెషర్ ఫోల్డర్ తెరిచి దాని ఫైళ్లు చూడండి. బీఎంపీ280-కోర్.సిలో చిప్ జ్ఞానమంతా ఉంది, ఏ రిజిస్టర్ చదవాలి, ఒత్తిడి ఎలా లెక్కకట్టాలి అన్నది. బీఎంపీ280-ఐ2సి.సి, బీఎంపీ280-ఎస్‌పీఐ.సి అనే రెండు చిన్న ఫైళ్లు తమ బస్ మీద చిప్‌ని పలకరించి, రెజ్‌మ్యాప్ (రిజిస్టర్లు చదివి రాసే మధ్యవర్తి) ఒకటి తయారు చేసి కోర్ చేతిలో పెడతాయి. బీఎంపీ280-రెజ్‌మ్యాప్.సిలో ఏ రిజిస్టర్లు రాయదగ్గవి, ఏవి ఎప్పటికప్పుడు మారేవి అన్న పట్టికలున్నాయి. ఈ నలుగురూ పంచుకునేవి బీఎంపీ280.హెచ్‌లో. కోర్‌లో ఐ-టూ-సీ అన్న పదం కనిపించకూడదు, బస్ ఫైల్లో ఒత్తిడి లెక్క కనిపించకూడదు. మీ కోడ్ సరిగ్గా విడిపోయిందో లేదో చూసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. రెజ్‌మ్యాప్ ఉంది కాబట్టి ఇది తేలికయింది, రిజిస్టర్ చదువు, రాయి అని కోర్ అడుగుతుంది, అది ఏ వైరు మీద జరుగుతుందో దానికి పట్టదు.

ఇంకో సంగతి గమనించండి, బీఎంఈ280 అనే చిప్ తేమ కూడా కొలుస్తుంది, అయినా ఇదే డ్రైవర్, ఇదే ప్రెషర్ ఫోల్డర్. కుటుంబం ఎక్కడ మొదలైందో అక్కడే ఉంచారు.

హెడర్ ఎక్కడ పెట్టాలన్నది చాలామందికి టెన్షన్. సూత్రం తేలిక: ఎంత దగ్గరగా ఉంచగలిగితే అంత దగ్గర. ఒక్క ఫైల్‌కే కావాల్సినవి ఆ సి ఫైల్లోనే పైన రాయండి. అదే ఫోల్డర్‌లోని ఫైళ్లకి కావాలంటే పక్కనే హెడర్. వేరే సబ్‌సిస్టమ్‌కి కావాలంటేనే ఇంక్లూడ్ కింద లైనక్స్ ఫోల్డర్. యూజర్ ప్రోగ్రాములకి కావాలంటే యూఏపీఐ, అయితే అక్కడ పెట్టినదాన్ని మళ్లీ మార్చడం దాదాపు అసాధ్యం, మార్చితే ఎవరి ప్రోగ్రామో ఆగిపోతుంది. కొత్త డ్రైవర్‌తో యూఏపీఐ హెడర్ పంపాల్సి వస్తోందంటే, సబ్‌సిస్టమ్ ఇచ్చే దారిని వదిలి మీరు సొంత దారి తవ్వుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

కోర్ నుంచి బయటికిచ్చే ఫంక్షన్లకి సింబల్ నేమ్‌స్పేస్ వాడండి. 2019లో 5.4 వెర్షన్‌తో వచ్చింది. మీ రెండు బస్ ఫైళ్ల కోసం ఎగుమతి చేసిన ఫంక్షన్‌ని ఊరందరూ పిలవకుండా ఇది ఆపుతుంది.

పేర్లు: చిప్ పేరే పెట్టండి. ప్రాజెక్టు పేరు, కాలేజీ పేరు, కాటా అనే పేరు వద్దు. 28ఎక్స్ఎక్స్ లాంటి గుడ్డి గుర్తులు కొత్త డ్రైవర్‌కి అసలే వద్దు, ఐఐఓ సమీక్షకులు వాటిని ఒప్పుకోరు, దానికి కారణం ఉంది. ఆ గుర్తులో పట్టే పేరుతోనే కంపెనీ రేపు ఏ సంబంధమూ లేని చిప్ ఒకటి తెస్తుంది, అప్పుడు పేరు అబద్ధమవుతుంది. మొదట మద్దతిచ్చిన చిప్ పేరు ఉంచేసి, మిగతావాటిని పట్టికలో రాసుకోండి. ఫైల్ పేరులో హైఫన్ ఉంటే లోడ్ అయ్యాక మాడ్యూల్ (విడిగా లోడ్ చేసే డ్రైవర్ ఫైల్) పేరులో అది అండర్‌స్కోర్ అవుతుంది, మాడ్యూల్ కనిపించడం లేదని వెతుక్కునేటప్పుడు గుర్తుంచుకోండి.

డ్రైవర్‌లోంచి ఏం తీసేయాలి

కాటా డ్రైవర్‌లో కిలోలు ఉండకూడదు. మళ్లీ చెప్తాను, ఎందుకంటే దీని మీదే వాదనలన్నీ: కిలోలు, టేర్ బరువు, బస్తా లెక్క, ఏవీ కెర్నల్‌లో ఉండకూడదు. ఉద్దానం వైపు పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు, ఇంకోచోట క్వింటాల్ లెక్క. ఒక్కో లోడ్ సెల్‌కి ఒక్కో క్యాలిబ్రేషన్. ఖాళీ గోనెసంచి బరువు ఎంత తీసేయాలన్నది రైతుకీ వ్యాపారికీ మధ్య తేలాల్సిన విషయం. ఇవన్నీ మారేవి, మార్చడానికి కెర్నల్ మళ్లీ కంపైల్ చేయాల్సిన పని ఉండకూడదు. కెర్నల్ డ్రైవర్ ఇచ్చేది రెండు అంకెలు: పచ్చి రీడింగ్, దాన్ని వోల్టేజీగా మార్చే స్కేల్. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ విలువల్ని ఫైళ్లుగా చూపించే చోటు) ఇన్-వోల్టేజ్0-రా, ఇన్-వోల్టేజ్0-స్కేల్ అన్న ఫైళ్లుగా అవి కనిపిస్తాయి. ఆ తర్వాతదంతా పైథాన్ స్క్రిప్టులో రాసుకోండి.

మరి లోపల ఉండాల్సిందేమిటి? బయట చేయడం కుదరనిది. హెచ్‌ఎక్స్711లో డేటా బిట్లు 24 అయినా పల్సులు 25, 26, లేదా 27 ఇవ్వాలి, ఆ సంఖ్యని బట్టే తర్వాతి రీడింగ్‌కి ఛానల్, గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) మారతాయి: 25 అయితే ఏ ఛానల్ 128, 26 అయితే బీ ఛానల్ 32, 27 అయితే ఏ ఛానల్ 64. గడియారం వైరు 60 మైక్రోసెకన్ల కంటే ఎక్కువసేపు పైన ఉండిపోతే చిప్ నిద్రపోతుంది. యూజర్ ప్రోగ్రాము నుంచి పల్సులిస్తే మధ్యలో ప్రాసెసర్ ఇంకో పనికి మళ్లొచ్చు, రీడింగ్ చెడుతుంది. అందుకే ఆ పల్సుల పని కెర్నల్‌లో, కిలోల పని బయట.

బోర్డు సంగతి కూడా బయటికే, అయితే వేరే వైపుకి. పిన్ నంబర్లు డివైస్ ట్రీలో (బోర్డుకి ఏది ఎక్కడ తగిలించారో రాసే ఫైల్) ఉండాలి. ఏఆర్ఎం (రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుల ప్రాసెసర్ రకం) బోర్డుల వివరాలన్నీ ఒకప్పుడు సి కోడ్‌గా ఆర్చ్ ఫోల్డర్‌లో పేరుకుపోయి, 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా కోప్పడ్డాకే అక్కడ డివైస్ ట్రీకి మళ్లడం వేగమైంది. హెచ్‌ఎక్స్711కి డివైస్ ట్రీలో కంపాటిబుల్ పేరు, గడియారం పిన్, డేటా పిన్, వోల్టేజీ సప్లై ఏదో రాస్తే చాలు. రాస్‌బెర్రీ పై నుంచి ఇంకో బోర్డుకి మారినా డ్రైవర్‌లో ఒక్క అక్షరం మారదు. కంపెనీ పేరు వచ్చేది ఇక్కడ: కంపాటిబుల్‌లో ముందు తయారీదారు, కామా, తర్వాత చిప్. ఏవియా కామా హెచ్‌ఎక్స్711. బోర్డుల డివైస్ ట్రీ ఫైళ్లు కంపెనీల వారీగానే ఉంటాయి, 32 బిట్ల ఏఆర్ఎంవి కూడా 2023లో 6.5 వెర్షన్ నుంచి అలా సర్దేశారు.

ఈ డివైస్ ట్రీ రాతకి నియమం ఏమిటో డాక్యుమెంటేషన్ కింద డివైస్‌ట్రీ, బైండింగ్స్‌లో యామల్ ఫైల్‌గా రాయాలి. డ్రైవర్ ఉన్న దారినే ఇక్కడా పాటిస్తారు, ఐఐఓ, ఏడీసీ, ఏవియా-హెచ్‌ఎక్స్711.యామల్ అని. పంపేముందు మేక్‌తో డీటీ-బైండింగ్-చెక్ నడపండి.

కేకాన్ఫిగ్, మేక్‌ఫైల్

ఫైల్ పెట్టగానే సరిపోదు, బిల్డ్‌కి తెలియాలి. ఫోల్డర్‌లోని కేకాన్ఫిగ్‌లో (ఏవి కలపాలో ఎంచుకునే మెనూ) ఒక ఎంట్రీ, మేక్‌ఫైల్‌లో (ఏ ఫైళ్లు కంపైల్ చేయాలో చెప్పేది) ఒక వరస. ట్రైస్టేట్ అంటే మూడు స్థితులు: వై అయితే కెర్నల్‌లో కలిసిపోతుంది, ఎం అయితే మాడ్యూల్, ఎన్ అయితే లేదు. రెండు ఫైళ్లలోనూ వరసలు అక్షరక్రమంలో ఉంటాయి. చివర అతికించకండి, అందరూ చివరే కలిపితే ప్రతి ప్యాచూ ఇంకోదానితో గుద్దుకుంటుంది.

డిపెండ్స్ ఆన్, సెలెక్ట్ అన్న రెంటి తేడా బాగా తెలుసుకోండి. సెలెక్ట్ అన్నది అవతలి ఆప్షన్‌కి ఉన్న షరతుల్ని పట్టించుకోకుండా బలవంతంగా ఆన్ చేసేస్తుంది. కాబట్టి వాడేవాళ్లకి మెనూలో కనిపించని సహాయక లైబ్రరీలకే అది వాడండి, ఉదాహరణకి రెజ్‌మ్యాప్. ఐ-టూ-సీ, జీపీఐఓ (మామూలు పిన్నులని నడిపేది) లాంటి పెద్ద వ్యవస్థలకి డిపెండ్స్ ఆన్ రాయండి. డిఫాల్ట్ వై మాత్రం పెట్టకండి, మీ చిప్ ప్రపంచంలో అందరి దగ్గరా ఉండదు.

బీఎంపీ280లో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. మెనూలో ఒక్క ఆప్షనే కనిపిస్తుంది, బస్ ఫైళ్ల రెండు ఆప్షన్లూ దాక్కుని ఉంటాయి, ఐ-టూ-సీ ఉంటే ఒకటి, ఎస్‌పీఐ ఉంటే ఇంకోటి వాటంతటవే ఆన్ అవుతాయి. వాడేవాళ్లు నా చిప్‌కి ఏ బస్సో అని తలపట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు పరీక్ష. వైగా ఒకసారి, ఎంగా ఒకసారి, ఐ-టూ-సీ ఆఫ్ చేసి ఎస్‌పీఐ ఉంచి ఒకసారి, దాన్ని తిప్పి ఒకసారి బిల్డ్ చేయండి. కోర్ మాడ్యూల్‌గా ఉండి బస్ ఫైల్ మాత్రం కెర్నల్‌లో కలిసిపోతే లింక్ చేసేటప్పుడు తప్పు బయటపడుతుంది, ఫైళ్లు విడదీసిన ప్రతి డ్రైవర్‌లోనూ ఈ ప్రమాదం ఉంది. కంపైల్ టెస్ట్ అనే ఆప్షన్‌ని డిపెండ్స్‌లో కలిపితే ఆ హార్డ్‌వేర్ లేని మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా కంపైల్ చేసి చూడొచ్చు. బోర్డు దగ్గర లేనివాళ్లు కూడా మీ కోడ్‌ని పరీక్షించగలుగుతారు.

మాడ్యూల్ డివైస్ టేబుల్ వరస మరిచిపోతే డ్రైవర్ బాగానే ఉంటుంది, చేత్తో లోడ్ చేస్తే పని చేస్తుంది, బోర్డు ఆన్ చేసినప్పుడు మాత్రం తనంతట లోడ్ అవదు. ఇది వెతికి పట్టుకోవడానికి పూటలు పడుతుంది.

ప్యాచ్‌లుగా కత్తిరించి పంపడం

బైండింగ్ యామల్ ఒక ప్యాచ్, అది ముందు. డ్రైవర్, కేకాన్ఫిగ్, మేక్‌ఫైల్ కలిపి ఒక ప్యాచ్. బోర్డు డివైస్ ట్రీ మార్పు చివర, అది వేరే మెయింటెయినర్ దారిలో వెళ్తుంది. మెయింటెయినర్స్ ఫైల్లో మీ పేరు, మీరు చూసుకునే ఫైళ్ల దారులు కలపండి, అంటే రేపు ఎవరైనా మార్పు పంపితే మీకు ఈమెయిల్ వస్తుంది. అందుకు సిద్ధంగా లేకపోతే పేరు పెట్టకండి. ప్రతి కొత్త ఫైల్ మొదటి వరసలో ఎస్‌పీడీఎక్స్ లైసెన్స్ గుర్తు ఉండాలి. చెక్‌ప్యాచ్ (కోడ్ రాత తీరు చూసే స్క్రిప్టు) నడిపి, గెట్-మెయింటెయినర్ స్క్రిప్టు ఎవరి పేర్లు చెప్తే వాళ్లకి పంపండి, ఐఐఓ అయితే జోనథన్ కామెరాన్ పేరు వస్తుంది.

ఉన్న ఫైల్‌ని ఇంకో ఫోల్డర్‌కి మార్చాల్సి వస్తే, మార్చడం ఒక్కటే ఒక ప్యాచ్‌గా చేయండి. అదే ప్యాచ్‌లో లోపలి కోడ్ కూడా దిద్దితే గిట్ దాన్ని పేరు మార్పుగా గుర్తుపట్టలేకపోవచ్చు, చరిత్ర తెగిపోతుంది, సమీక్షించేవాళ్లకి అసలు ఏం మారిందో కనిపించదు. ఫైల్ కదిలినా కేకాన్ఫిగ్ ఆప్షన్ పేరు, మాడ్యూల్ పేరు కదపకండి. జనం తమ కాన్ఫిగ్ ఫైళ్లలో, స్క్రిప్టుల్లో ఆ పేర్లు రాసుకుని ఉంటారు.

కోడ్ ఇంకా పచ్చిగా ఉందనుకుంటే స్టేజింగ్ అనే ఫోల్డర్ ఉంది, 2008లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మొదలుపెట్టాడు. అక్కడ పెట్టే డ్రైవర్‌తో పాటు ఇంకా ఏం చేయాలో రాసిన టూడూ ఫైల్ ఉండాలి, ఎవరూ పట్టించుకోకపోతే తీసేస్తారు కూడా. చిన్న సెన్సార్ డ్రైవర్‌కి స్టేజింగ్ అవసరం లేదు, నేరుగా ఐఐఓకి పంపి రెండు మూడు సార్లు దిద్దించుకోవడమే త్వరగా అవుతుంది.

కెర్నల్‌కి పంపే ఉద్దేశం లేకపోతే

ప్రాజెక్టు గడువు వచ్చే వారమే అయినా సర్దడం మాత్రం మానకండి. బయట ఉంచుకునే రిపోలో కూడా డ్రైవర్స్, ఐఐఓ, ఏడీసీ అనే అదే దారి కట్టి, బైండింగ్‌కి డాక్యుమెంటేషన్ ఫోల్డర్, బోర్డు ఓవర్‌లేకి (డివైస్ ట్రీకి అతికించే ముక్క) ఇంకో ఫోల్డర్, కిలోల లెక్కకి యూజర్ ప్రోగ్రాము ఫోల్డర్ విడిగా పెట్టండి. కేబిల్డ్ ఫైల్ ఒకటి రాసి, కెర్నల్ బిల్డ్ ఫోల్డర్‌ని మేక్‌కి సి ఆప్షన్‌తో, మీ ఫోల్డర్‌ని ఎం వేరియబుల్‌తో ఇస్తే మాడ్యూల్ తయారవుతుంది. కెర్నల్ లోపలి ఫంక్షన్లు వెర్షన్ వెర్షన్‌కీ మారతాయి, అవి మారవన్న హామీ ఎవరూ ఇవ్వరు. డీకేఎంఎస్ పెట్టుకుంటే అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మాడ్యూల్‌ని తిరిగి కంపైల్ చేసే పని అది చూసుకుంటుంది, అయితే ఫంక్షన్ పేరో ఆర్గ్యుమెంట్లో మారితే దిద్దాల్సింది మీరే. అందుకని కాటా తాలూకు యంత్రంలో డిస్ట్రో ఇచ్చే ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి దిద్దుబాట్లు అందే) కెర్నల్ ఉంచండి, రిపోలోని రీడ్‌మీలో ఏ కెర్నల్ వెర్షన్ మీద, ఏ బోర్డు మీద, ఏ పిన్నులతో నడిచిందో రాసి పెట్టండి, తర్వాతి బ్యాచ్ వాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టగలిగేలా.